అరువు ఉపగ్రహం, ఇరవై రెండున్నర నిమిషాల తెలుగు

సాఫ్ట్‌వేర్ అన్న మాటకి మన దేశంలో ఒక పాత అర్థం ఉండేది. కోడ్‌తో గానీ కంప్యూటర్‌తో గానీ దానికి పనిలేదు. 1982 చివర్లో కేంద్ర ప్రభుత్వం పి.సి. జోషి అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. దూరదర్శన్ 'సాఫ్ట్‌వేర్' ఎలా ఉండాలో చెప్పడం ఆ బృందం పని. అక్కడ సాఫ్ట్‌వేర్ అంటే కార్యక్రమాలు: పొలం కబుర్లు, పిల్లల పాఠాలు, నాటకాలు, వార్తలు. ఉపగ్రహాలు, ట్రాన్స్‌మిటర్లు, టీవీ పెట్టెలు హార్డ్‌వేర్. పదేళ్ళకు పైగా సాఫ్ట్‌వేర్ రాసి జీతం తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఈ పాత వాడుక ఎదురుపడగానే కాసేపు ఆగి చూడాలనిపించింది.

ఆ బృందం నివేదిక 1985లో అచ్చయింది. దాని గోడు ఒక్క ముక్కలో చెప్పాలంటే, టవర్లూ పెట్టెలూ పరుగెత్తుతున్నాయి, వాటిలో ఎవరికి ఏం చూపించాలన్న ఆలోచన మాత్రం వెనకాల కుంటుతూ వస్తోంది. ఇవాళ ఈ మాట చదివితే ఒక్క టీవీ గురించే అనిపించదు. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌కి సుమారు 10,372 కోట్ల రూపాయలు ఆమోదించింది. అప్పట్నుంచి నేను వింటున్న చర్చ చాలావరకు ఎన్ని జీపీయూలు వచ్చాయి, ఇంకెన్ని కావాలి అన్నదాని చుట్టూనే. వాటి మీద నడిచేది ఒక ఆశా కార్యకర్తకి ఏం చెప్పాలి, ఏ తెలుగులో చెప్పాలి, చెప్పింది ఆమెకి పనికొచ్చిందో లేదో ఎవరు చూడాలి? ఈ ప్రశ్నలు హాల్లో ఆఖరి వరసలో కూర్చుని ఉంటాయి.

ఇలాంటి ప్రశ్నల్ని మన ప్రభుత్వమే ఒకసారి ముందు వరసలో కూర్చోబెట్టింది. సరిగ్గా ఒక్క ఏడాది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా.

*

దాని పేరు శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. పొట్టిగా సైట్. మన అంతరిక్ష చరిత్ర చెప్పేటప్పుడు ఆర్యభట్టకీ, ఎస్‌ఎల్‌వీ-3కీ మధ్యలో దీనికి ఒక పేరా దొరికితే గొప్ప. రాకెట్టు ఎగిరే దృశ్యం లేదు కదా.

కథ 1969లో మొదలవుతుంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో మన అణుశక్తి విభాగం నాసాతో ఒప్పందం కుదుర్చుకుంది. ఇస్రో పుట్టి అప్పటికి నెల రోజులు దాటింది, అంతే. దేశం మొత్తంలో టీవీ ఉన్నది ఒక్క ఢిల్లీలో. 1959లో అక్కడ మొదలైన ప్రసారం పదేళ్ళయినా ఊరు దాటలేదనే చెప్పాలి. 1967 జనవరి 26న మొదలైన 'కృషి దర్శన్' చుట్టుపక్కల 80 పల్లెలకి వెళ్ళడమే అప్పటికి పెద్ద సంగతి.

ఇక్కడ విక్రమ్ సారాభాయ్ వాదన తిరగబడి ఉంటుంది. మామూలు దారిలో టీవీ ముందు మహానగరానికి, తర్వాత జిల్లా కేంద్రానికి, ఎప్పుడో ఒకప్పుడు పల్లెకి వస్తుంది. టవర్ మీద టవర్ కట్టుకుంటూ పోతే దూరంగా ఉన్న ఊరు ఎప్పుడూ వరసలో చివరే. అదే భూస్థిర కక్ష్యలో ఒక ఉపగ్రహం ఉంటే దానికి ఢిల్లీ ఎంత దూరమో మారుమూల తండా కూడా దాదాపు అంతే దూరం. ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే కాగితం మీద పెట్టిన ఆలోచన ఇది. సారాభాయ్ దాన్ని పేద దేశపు అభివృద్ధి ప్రశ్నకి తగిలించాడు. ఆయన 1971 డిసెంబర్ 30న పోయాడు. తర్వాత సతీశ్ ధవన్ ఇస్రోని నడిపాడు, అహ్మదాబాద్‌లో యశ్‌పాల్, ఇ.వి. చిట్నిస్ లాంటివాళ్ళు సైట్‌ని పట్టాలెక్కించారు.

ఉపగ్రహం మాత్రం మనది కాదు. నాసా వాళ్ళ ఏటీఎస్-6. 1974 మే 30న ఎగిరింది. ముందు ఒక ఏడాది అమెరికాలో అలాస్కా, అపలాచియా లాంటి చోట్ల చదువు, వైద్యం ప్రయోగాలకి పనిచేసింది. తర్వాత దాన్ని మెల్లగా జరిపి తూర్పు ఆఫ్రికా మీద, 35 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబెట్టి, మనకి ఏడాది పాటు అరువిచ్చారు.

దాని గొప్పదనం 9 మీటర్ల యాంటెన్నా. మడిచి పంపితే పైన గొడుగులా విచ్చుకుంది. పైన గొడుగు అంత పెద్దదయ్యేసరికి కింద ఖర్చు తగ్గింది. ఆ రోజుల్లో ఉపగ్రహం మాట వినాలంటే భవనమంత డిష్ కావాలి. సైట్ ఊళ్ళలో వాడినది సుమారు 3 మీటర్ల గిన్నె, అదీ కోళ్ళ గూళ్ళకి వాడే ఇనుప వలతో చేసినది. టీవీ సెట్లు తయారు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. ఆరు రాష్ట్రాలు: ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్. దాదాపు 2,400 పల్లెలు. వెనకబడిన ప్రాంతాలనే ఏరి తీసుకున్నారు. కొన్ని ఊళ్ళకి కరెంటే లేదు, అక్కడ సెట్లు బ్యాటరీ మీద నడిచాయి. 2,400 అంటే ఇవాళ మా ఆఫీసులో ఎవరూ తలెత్తి చూడని అంకె. కానీ ప్రతి అంకె వెనకా ఒక బడి గోడ, ఒక పెట్టె, దానికి తాళం వేసి తీసే ఒక మనిషి, చెడిపోతే జీపులో రావాల్సిన మెకానిక్కు ఉన్నారు.

ప్రసారం రోజుకి సుమారు 4 గంటలు. పొద్దున గంటన్నర బడిపిల్లలకి. దాన్ని హిందీ, ఒరియా, కన్నడ, తెలుగు నాలుగు భాషలకి సమానంగా పంచారు. అంటే తెలుగు పిల్లలకి దక్కింది 22.5 నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్ళకి: వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పాటలు, నాటకాలు. ఒకే బొమ్మ మీద రెండు భాషల ధ్వని పంపే ఏర్పాటు కూడా ఉపగ్రహంలో ఉంది. 1975లో ఈ సదుపాయం గురించి ఆలోచించినవాళ్ళకి మన దేశం ఎలాంటిదో తెలుసు అనిపిస్తుంది.

కార్యక్రమాలు తయారు చేసే కేంద్రాలు మూడు: ఢిల్లీ, కటక్, హైదరాబాద్. ఇందులో ఒక చిత్రం ఉంది. తెలుగు టీవీ 1977 అక్టోబర్‌లో హైదరాబాద్ దూరదర్శన్‌తో మొదలైందని మనం రాసుకుంటాం. కానీ దానికి రెండేళ్ళ ముందే హైదరాబాద్‌లో కూర్చుని తెలుగు కార్యక్రమాలు తయారు చేస్తున్నారు. అవి నగరంలో ఇళ్ళకి రావు. అహ్మదాబాద్ నుంచో ఢిల్లీ నుంచో ఆకాశానికి ఎక్కి, తిన్నగా పల్లెలో దిగుతాయి. అబిడ్స్‌లో ఉన్నవాళ్ళకి లేని టీవీ, బస్సు కూడా సరిగా రాని ఊళ్ళో ఉంది. తెలుగు టీవీ ముందు పల్లెతో మాట్లాడి, తర్వాతే పట్నానికి వచ్చింది. ఇలా వరస తిరగబడిన సాంకేతికత మనకి ఇంకొకటి ఉందా? ఫోన్, ఇంటర్నెట్, ఫైబర్ అన్నీ పట్నంలో దిగి ఊరికి బయల్దేరినవే.

*

ఇక్కడితో ఆపేస్తే ఇదొక మంచి పాత కబురు అవుతుంది. నాకు అసలు విషయం పేరులోని ఆఖరి పదంలో ఉందనిపిస్తుంది: ఎక్స్‌పెరిమెంట్. ప్రయోగం.

దాన్ని మాటవరసకి పెట్టుకోలేదు వాళ్ళు. ప్రసారం మొదలవడానికి ముందే సామాజిక శాస్త్రజ్ఞులు ఊళ్ళలో వివరాలు సేకరించారు. ఏడాది మధ్యలో, చివర్లో మళ్ళీ అడిగారు. టీవీ ఉన్న ఊళ్ళని టీవీ లేని ఊళ్ళతో పోల్చి చూశారు. కొన్ని ఊళ్ళలోనైతే మానవశాస్త్ర పరిశోధకులు కాపురం పెట్టినట్టు నెలల తరబడి ఉండిపోయి, ఎవరు వస్తున్నారు, ఎవరు మధ్యలో లేచి వెళ్ళిపోతున్నారు, రాని వాళ్ళు ఎందుకు రావట్లేదు అని రాసుకున్నారు. ఈ పనంతా చేయించింది ఇస్రోనే. రాకెట్ల సంస్థ మానవశాస్త్రజ్ఞుల్ని ఊళ్ళకి పంపిందన్నమాట.

తేలింది ఏమిటి? అన్నీ శుభవార్తలు కావు. మొదట్లో సెట్టు ముందు జనం కిక్కిరిశారు, కొత్త తీరాక పలచబడ్డారు. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ విషయాల్లో తెలివిడి పెరిగింది. అదీ మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, చదువుకున్నవాళ్ళలో కంటే చదువు రానివాళ్ళలో ఎక్కువ. వ్యవసాయంలో మాత్రం చూసినవాళ్ళు కొత్త పద్ధతులకి పెద్దగా మారలేదు. పిల్లల్లో భాష, తెలుసుకోవాలన్న ఆసక్తి మెరుగయ్యాయి కానీ, బళ్ళో చేరేవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వ్యవసాయం ముక్క దగ్గర ఆగుదాం. విత్తనం గురించి టీవీ చెప్పగలదు, విత్తనం తెచ్చి ఇవ్వలేదు. అప్పు ఇవ్వలేదు, కాలవలో నీళ్ళు వదలలేదు. సమాచారం లేకపోవడమే పేదరికానికి కారణం అనుకునే అభివృద్ధి సిద్ధాంతం ఒకటుంది. మా రంగంలో ఇప్పటికీ అది బాగా చెలామణీలో ఉంది: ఒక యాప్ చేస్తే రైతు కష్టం తీరుతుందని. దాని పరిమితి ఏమిటో 1976లోనే లెక్కలతో సహా కాగితం మీదికెక్కింది.

అదే కాలంలో ప్రకాశ్ షింగి, బెల్లా మోడీ చేసిన ఇంకో అధ్యయనం 1976లో అచ్చయింది. టీవీ వ్యవసాయ పాఠాలు చూసిన రైతుల్లో, ముందు తక్కువ తెలిసినవాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు. బాగా తెలిసిన రైతులకి అందులో కొత్తేమీ కనిపించక చూడటం మానేశారు. కొత్త మాధ్యమం వస్తే ఉన్నవాడికే ఇంకా కలిసొస్తుందని అప్పటి పండితుల నమ్మకం. పాఠాన్ని ఎవరి కోసం రాశామన్నదాన్ని బట్టి ఆ దూరం తగ్గొచ్చు కూడా అని ఈ అధ్యయనం చూపించింది. పాత అర్థంలో సాఫ్ట్‌వేర్ ఎందుకు ముఖ్యమో ఇంతకంటే సూటిగా చెప్పిన ఉదాహరణ నాకు తగల్లేదు.

సైట్‌ని నెత్తిన పెట్టుకోవాల్సిన పనిలేదు. అది మొదలవడానికి ఐదు వారాల ముందు, 1975 జూన్ 25న, ఎమర్జెన్సీ వచ్చింది. సెట్టు ఉన్న ఊరు ప్రభుత్వం చెప్పేది వినాలి, తిరిగి చెప్పే దారి లేదు. తెలుగు పల్లెలో కూడా సాయంత్రం ప్రసారంలో అరగంట ఢిల్లీ హిందీ కార్యక్రమం. పొలం గురించి పాఠం రాసినవాళ్ళలో ఎంతమంది చేలో దిగారో మనం ఊహించుకోవచ్చు. ఇన్ని లోపాలున్నా, ఆ లోపాల్లో చాలావాటిని వెతికి రాసిపెట్టింది కూడా ఆ పథకమే. ముగింపు తేదీ ముందే ఉంది కాబట్టి, ఆ తేదీకి ఏదో ఒక జవాబు చెప్పక తప్పలేదు.

*

1976 జూలై 31 తర్వాత ఉపగ్రహం అమెరికా వైపు వెళ్ళిపోయింది. సైట్ ఊళ్ళలో కొన్నిటికైనా ప్రసారం కొనసాగాలని హైదరాబాద్, గుల్బర్గా, జైపూర్, రాయపూర్, సంబల్‌పూర్, ముజఫర్‌పూర్‌లలో నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. హైదరాబాద్ దూరదర్శన్ పుట్టుక అలా సైట్‌తో ముడిపడి ఉంది. కానీ టవర్ వచ్చాక టవర్ తర్కం వస్తుంది. టవర్‌కి దగ్గరగా ఉండేది నగరం. సెట్టు కొనుక్కోగలిగింది నగరం. పల్లె మళ్ళీ వరసలో తన పాత చోటికి వెళ్ళింది.

గుజరాత్‌లో ఒక్కచోట మాత్రం వేరే దారి దొరికింది. ఖేడా జిల్లా పీజ్ అనే ఊళ్ళో ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ నుంచి ఇస్రో వాళ్ళు సైట్ అయిపోయాక కూడా స్థానిక కార్యక్రమాలు నడిపారు. ఊరివాళ్ళే నటించారు. అక్కడి యాస, అక్కడి కూలి రేట్లు, అక్కడి అంటరానితనం తెర మీదికొచ్చాయి. 1984లో యునెస్కో బహుమతి వచ్చింది. ఆ దశకం మధ్యలో ఆ ట్రాన్స్‌మిటర్‌ని మద్రాసులో రెండో చానెల్ కోసం తీసుకుపోవాలని నిర్ణయించారు. ఊళ్ళవాళ్ళు అడ్డం తిరిగారు. పల్లె పెట్టెని నగరానికి రెండో పెట్టెగా పంపాలనుకోవడం, ఆ కాలం ఎటు పోతోందో చెప్పడానికి చాలు.

ఎందుకంటే అప్పటికి ఇన్సాట్ వచ్చేసింది. 1982 ఏప్రిల్‌లో వెళ్ళిన ఇన్సాట్-1ఎ కొన్ని నెలలకే చెడిపోయింది. 1983 ఆగస్టులో చాలెంజర్ షటిల్ మోసుకెళ్ళిన ఇన్సాట్-1బి నిలబడింది. మధ్యలో 1982 ఆగస్టు 15న ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం, నవంబర్‌లో ఆసియా క్రీడలు, కలర్ టీవీ. 1984లో కొన్ని నెలలపాటు రోజుకో ట్రాన్స్‌మిటర్ చొప్పున నాటారు. అవి ఎక్కువగా తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు. పైనుంచి వచ్చింది తిరిగి వదలడమే వాటి పని, సొంతంగా ఏదీ చెప్పలేవు. పైనుంచి వచ్చేది ఢిల్లీ. మన జిల్లా ఊళ్ళలో చాలామందికి టీవీ మొదట హిందీలో మాట్లాడింది అందుకే. 22.5 నిమిషాల తెలుగు కోసం భాషల మధ్య గడియారం పంచుకున్న దేశం, సొంత ఉపగ్రహం వచ్చేసరికి ఆ పంపకం మర్చిపోయింది.

1984 జూలైలో 'హమ్ లోగ్' వచ్చింది. కుటుంబ నియంత్రణ, ఆడవాళ్ళ స్థితి గురించి జనంతో కథ ద్వారా మాట్లాడాలన్నది దాని మొదటి ఉద్దేశం. కొన్ని వారాలకే సందేశం పలచబడి కథ చిక్కబడింది, ప్రకటనలు వచ్చాయి. కథగా అది గెలిచింది. నాకు దాని మీద ఫిర్యాదేమీ లేదు, జనానికి పాఠాలే చెప్పాలని ఎక్కడా రాసి లేదు. నా దృష్టి పడేది వేరేచోట. అన్ని వందల ట్రాన్స్‌మిటర్లు నాటుతున్నప్పుడు, సైట్‌లో 2,400 ఊళ్ళ దగ్గర అడిగినంత శ్రద్ధగా ఎవరూ ఏమీ అడగలేదు. ప్రయోగం పోయి ప్రారంభోత్సవం మిగిలింది. జోషి బృందం కూర్చున్నది సరిగ్గా ఈ హడావుడి మధ్యలో.

*

ఈ పాత సాఫ్ట్‌వేర్‌కీ మా సాఫ్ట్‌వేర్‌కీ మధ్య ఒక మనిషి వంతెనలా కనిపిస్తాడు. కిరణ్ కర్ణిక్ సైట్ రోజుల్లో ఇస్రోలో పనిచేశాడు, తర్వాత అక్కడే అభివృద్ధి ప్రసారాల విభాగం నడిపాడు. 2001 నుంచి కొన్నేళ్ళు నాస్కామ్ అధ్యక్షుడు. 2009లో సత్యం కుప్పకూలినప్పుడు ప్రభుత్వం వేసిన బోర్డుకి అధ్యక్షత వహించిందీ ఆయనే. ఒకే జీవితంలో ఆ మాట పల్లెటూరి పాఠం నుంచి ఎగుమతి సరుకుగా మారింది. దేశం దృష్టి కూడా అలాగే మళ్ళింది.

అడపాదడపా పాత ప్రశ్న తలెత్తుతూనే ఉంది. 2004 సెప్టెంబర్‌లో శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్ళింది, చదువు కోసమే అని. 2020లో బళ్ళు మూతపడినప్పుడు తెలంగాణలో పిల్లలకి పాఠాలు టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా వచ్చాయి. 45 ఏళ్ళ తర్వాత తెలుగు పిల్లలు మళ్ళీ ఉపగ్రహం పాఠం ముందు కూర్చున్నారు. ఈసారి ఒంటరిగా, ఇంట్లో సెట్టు ఉంటేనే. 2022 బడ్జెట్లో 'ఒక తరగతి, ఒక టీవీ చానెల్' పథకాన్ని 12 చానెళ్ళ నుంచి 200కి పెంచుతామన్నారు. 200 అన్న అంకె శీర్షికలకెక్కింది. ఆ పాఠాల్లో ఏ పిల్లకి ఏది అర్థమైందన్నది ఏ శీర్షికలోనూ నాకు కనబడలేదు.

మా పనిలో ఒక కొత్త మార్పు వదిలేముందు చిన్న గుంపు మీద వేసి చూస్తాం. అది పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటాం. ఇందులో గొప్పతనం ఏమీ లేదు, డబ్బు పోతుందన్న భయం అంతే. ప్రభుత్వ పథకానికి ఆ భయం లేదు. అది పుట్టడమే విజయంగా పుడుతుంది, పేరులోనే 'మిషన్' ఉంటుంది. మిషన్ ఓడిపోయిందని చెప్పడానికి ఏ అధికారికీ నోరు రాదు. ప్రయోగం అలా కాదు. పిల్లల చేరిక పెరగలేదు, రైతు మారలేదు అని ప్రయోగం చెప్పగలదు, చెప్పి కూడా తల దించుకోనక్కర్లేదు. సైట్‌ని నడిపినవాళ్ళకి పేదరికం ఇవాళ్టికంటే ఎక్కువ తెలుసనో, రాజకీయం తక్కువ ఉందనో నేను అనను. పేరు పెట్టేటప్పుడే తప్పు తేలడానికి చోటు వదిలారు, అది చాలా పని చేసింది.

తెలుగులో మాట్లాడే యంత్రాలు వస్తున్నాయి. 2022లో మొదలైన భాషిణి లాంటి ప్రభుత్వ ప్రయత్నాలున్నాయి, కంపెనీలవి ఉన్నాయి. వాటిని ఆసుపత్రికీ, రైతు సేవా కేంద్రానికీ, బడికీ పంపుతారు, పంపాలి కూడా. నా కోరిక చిన్నది. అందులో ఒక్కదానికైనా ముగింపు తేదీ ముందే ప్రకటించండి. కొన్ని మండలాలు తీసుకోండి, వాటి పక్కనే యంత్రం వెళ్ళని మండలాలు కూడా. శ్రీకాకుళం ముసలావిడ అడిగింది దానికి అర్థమైందా, అది చెప్పింది ఆవిడకి అర్థమైందా, ఎవరు రెండోసారి రాలేదు, ఎందుకు రాలేదు అని అక్కడే ఉండి రాసుకునే నలుగురికి జీతం ఇవ్వండి. ఏడాది అయ్యాక వాళ్ళు రాసింది తెలుగులో అచ్చు వేయండి. జీపీయూల ఖర్చు ముందు ఇది చిల్లర. 1975లో ఉపగ్రహం అరువు తెచ్చుకున్న దేశం ఈ ఖర్చు భరించింది.